పన్నెండో చెనిక్కాయ

మా దాదా, అంటే మా నాన్న వాళ్ల నాన్న, నా ఆటను మొదటిసారి చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. దానికి జవాబు చెప్పలేక రెండు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"ఈ బండ్లకు ఎద్దులు యాడుండాయమ్మే?" అన్నాడు.

ఆ ఆట నేను తయారుచేసిందే. గండికోట ముట్టడి. మూడున్నర వందల ఏళ్ల కిందట గోల్కొండ సైన్యం వచ్చి మా జమ్మలమడుగు దగ్గరున్న కోటను చుట్టుముట్టింది కదా, దాని మీద. బల్ల మీద పరిచే మ్యాపు, దాని నిండా తేనెపట్టులాగా ఆరు మూలల గళ్లు, అట్టముక్కలతో చేసిన దండ్లు, గుర్రాలు, ఫిరంగులు, బండ్లు. ఇద్దరు ఆడాలి. ఒకరిది కోట, ఒకరిది గోల్కొండ.

ఈ పిచ్చి నాకు మా అన్న హఫీజ్ వల్ల పట్టింది. కువైట్‌లో వాడు పనిచేసే సైటు ఇంజినీరు ఒకాయన దేశం వదిలి వెళ్తూ ఒక బరువైన పెట్టె ఇచ్చాడట. చెల్లెలికి చదువు పిచ్చి కదా అని వాడు దాన్ని మోసుకొచ్చాడు. బట్టలేమో అనుకుని అమ్మ విప్పింది. లోపల పన్నెండు వందల అట్టముక్కలు, ఎక్కడిదో మంచు దేశపు యుద్ధం. అమ్మ ఆ రోజు హఫీజన్నను తిట్టిన తిట్లు వీధంతా విన్నది. ప్రొద్దుటూరులో గోవిందరాజులు గారి బట్టల అంగడిలో స్టాకు చూసే ఉద్యోగం నాది. రోజూ బస్సులో పోతూ వస్తూ ఎనిమిది నెలల్లో ఆ రూల్ బుక్కు చదివేశాను.

అందులో నన్ను పట్టేసింది యుద్ధం కాదు, సప్లై. ఏ దండు నుంచైనా వెనక్కి గళ్లు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఇన్ని గళ్ల లోపల సొంత గోదాము గానీ, గోదాముకు పోయే రోడ్డు గానీ తగలాలి. మధ్యలో శత్రువున్న గడి వస్తే దారి తెగినట్టే. శత్రువు పక్క గడి వచ్చినా తెగినట్టే, అక్కడ మన దండు ఒకటి నిలబడి ఉంటే తప్ప. దారి తెగిన దండుకు బలం సగమైపోతుంది. వచ్చే టర్నుకు కూడా దారి దొరకకపోతే దాన్ని మ్యాపు మీద నుంచి తీసి పెట్టెలో వేయడమే. ఎంత మొనగాడి దండైనా సరే, వెనక ఒక్క గడి మూసుకుపోతే ఆకలితో పోవాల్సిందే. అంగట్లో పనిచేసేదాన్ని కదా, ఇది నాకు ఇట్టే ఎక్కింది. సరుకు రాకపోతే ఎంత పెద్ద అంగడైనా షట్టరు దించాల్సిందే.

గండికోట ఆటలో అదే రూలు దించేశాను. దాదా పట్టుకున్నది దాన్నే.

మా దాదా పేరు అబ్దుల్ సత్తార్. ఎనభైకి దగ్గర పడ్డాడు. లారీలు వచ్చి ఆ బతుకు లాగేసుకునేదాకా జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకూ పులివెందులకూ ఎద్దుల బండి తోలాడు.

"ఎద్దులెందుకు దాదా? ఇది సప్లై గీత. గోదాం నుంచి దండు దాకా గీత పడితే తిండి వచ్చినట్టే," అన్నాను.

"గీత మూటలు మోస్తాదా?" అన్నాడు. "పులివెందులకు బండి కట్టినామంటే నాకు సద్ది, ఎద్దులకు మేత, పొయ్యే దావకు ఒకింత, వచ్చే దావకు ఒకింత. దూరం పెరిగేకొద్దీ మూటలు దించేసి మేత ఎక్కించుకోవాల. ఇంగా దూరం పోతే బండి మేతకే బండి సరిపోతాది, మూటకు జాగా ఉండదు. నీ గీత ఏం తింటాదో చెప్పు."

ఆయన లేచి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన చెప్పింది నిజమని తెలిసి మరింత మండింది. నా మ్యాపు మీద పక్కనున్న జమ్మలమడుగూ, ఎక్కడో ఉన్న పులివెందులా ఒకే రకంగా తిండి పెడుతున్నాయి.

కోపంతోనే కూర్చుని మార్చేశాను. ఎద్దుకింత, మనిషికింత, గడికింత అని లెక్కలు వేసి సప్లై ఒక్కటే తొమ్మిది పేజీలు రాశాను. బెంగళూరులో ఇలాంటి ఆటలు అచ్చేసే చిన్న కంపెనీ ఒకటి ఉందని తెలిసి పంపించాను. అక్కడ ఆటల్ని ఆడి పరీక్షించేది ఐశ్వర్య. ప్రొద్దుటూరు బంగారంగళ్ల వాళ్ల అమ్మాయే. నెల తర్వాత ఫోన్ చేసింది.

"ఫాయిజా, మ్యాపు శానా బాగుంది. దండ్లు బాగుండాయి. సప్లై చూస్తే మాత్రం నాకు తలనొప్పి వచ్చింది. ఆడేటోళ్లు పెన్నూ కాగితం పట్టుకోని మేత లెక్కలు రాసుకుంటా కూచుంటారా? రెండుసార్లు ఆడినాం. రెండుసార్లూ కోట పడిపాయ. సప్లై తీసెయ్, అచ్చేస్తాం."

"తీయను."

"ఆలోచించుకోని చెప్పు."

"ఆలోచించే చెప్తాండా అక్కా. ఆ కోటను ఫిరంగులతో కొట్టలేరు. ఆకలితోనే కొట్టాల. ఆకలి తీసేస్తే ఇంగ అది గండికోటే కాదు. అట్లయితే అచ్చేయాకండి."

 రెండేళ్ల కష్టం ఒక్క మాటతో నేనే కాలదన్నుకున్నానేమో అనిపించింది. 

"సరే," అంది ఐశ్వర్య. "వచ్చే నెల మా చిన్నాయన కొడుకు పెండ్లికి వస్తాండా. ఆదివారం మీ ఇంటికొస్తా. సప్లై ఒక్క పేజీలో ఉండాల. పెన్ను ముట్టే పనుండకూడదు. కోట ఒక్కసారన్నా నిలబడాల. గెలిచే దావ లేని పక్క ఎవరాడతారు? నిలబడిందా, సప్లైతోనే అచ్చేయిస్తా, అది నా పూచీ. లేదంటే ఈ మాట ఇంతటితో వదిలెయ్యి."

"నిలబెట్టి చూపిస్తా," అన్నాను. ఎట్లా చూపించాలో నాకు ఓనమాలు కూడా తెలియదు.

ఇక పంతం పక్కన పెట్టి దాదా దగ్గరికి పోయాను. అరుగు మీద కూర్చుని ఏంచిన చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలుచుకుంటున్నాడు. "పులివెందుల నుంచి గండికోటకు బండి ఎట్ల తోలుతావో చూపీ," అన్నాను. ఆయన నా మొహం చూడకుండానే గిన్నెలో నుంచి ఆరు కాయలు తీసి అరుగు బండ మీద పెట్టాడు.

"ఇది నా బండి. ఈడ పులివెందుల." కాయల్ని ఒక జానెడు ముందుకు జరిపాడు. ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "ఊరు దాటినా." ఇంకో జానెడు, ఇంకో కాయ. ముద్దనూరు దగ్గర ఆగి ఒక కాయను పక్కన పెట్టాడు. "ఈడ మాబున్ని అని ఒకామె ఉండె. ఆమె ఇంట్లో ఒక మేత మోపు దించిపెడతాంటిమి. ఎనకొచ్చే బండి దాన్ని మేపుకుంటాది, దాని సరుకు ముట్టదు."

"దాన్ని ఎవరన్నా దొంగతనంగా మేపుకుంటేనో?"

"మేపుకున్యారంటే పాయ. తిన్నది తిన్నదే. ఎద్దు కడుపులోంచి తీస్తావా?"

నేను ఆ కాయల్నే చూస్తూ ఉండిపోయాను. పెన్ను లేదు, కాగితం లేదు. తొమ్మిది పేజీలు ఆయన అరుగు మీద ఒలిచి పడేశాడు.

ఈసారి నేను రాసింది ఒక్క పేజీకే సరిపోయింది. బండి బయల్దేరేటప్పుడు దాని మీద ఆరు చెనిక్కాయలు. ఒక గడి కదిలితే ఆడేవాళ్లు ఒక కాయ ఒలిచి తినాలి. దారిలో ఏ గడిలోనైనా కాయలు దించిపెట్టుకోవచ్చు, వెనకొచ్చే బండి అక్కడ వాటిని తినొచ్చు. శత్రువు ఆ గడికి వస్తే కాయలు వాడివే. జమ్మలమడుగు నుంచి గోల్కొండ శిబిరానికి మూడు గళ్లు, అంటే మూడు కాయలు చేరతాయి. పులివెందుల నుంచి కోటకు అయిదు గళ్లు, చేరేది ఒక్కటే. కోట కొట్టు అంటే ఒక చిన్న మూత గిన్నె, అందులో మొదట ఎనిమిది కాయలుంటాయి. టర్నుకు ఒకటి తింటారు. తినడానికి లేని రోజు తలుపులు తెరవాలి. పన్నెండు టర్నులు నిలబడితే పెన్నకు నీళ్లొచ్చి జమ్మలమడుగు దావ తెగిపోతుంది, కోట గెలిచినట్టు.

ఆదివారం పొద్దున పది గంటలకు ఐశ్వర్య వచ్చింది. మూడు గంటల బస్సుకు పోవాలంది. అమ్మ పెద్ద గిన్నె నిండా చెనిక్కాయలు ఏంచి పెట్టింది. దాదా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఐశ్వర్య ఆ ఒక్క పేజీ చదివి నావైపు చూసింది.

"నిజంగానే తినాలా?"

"నిజంగానే తినాల."

నవ్వి కూర్చుంది. కానీ ఆడటం మొదలుపెట్టాక నవ్వు లేదు. ఆమె గట్టి ఆటగత్తె. మూడో టర్నుకే గుర్రాల్ని తూర్పు వైపు తిప్పి నా బండ్లు చుట్టు తిరిగి పోయేలా చేయబోయింది. నేను కాలిదండును అడ్డం పెట్టి దావ కాపాడుకున్నాను. బండి కదిలిన ప్రతిసారీ ఒక కాయ. కటుక్కుమని చప్పుడు, రెండు తొక్కలు, రెండు గింజలు. తినే కొద్దీ బండి మీద తరిగిపోతుంటే కోటలో నిజంగానే ఆకలి మొదలైనట్టు అనిపించింది. తొమ్మిది పేజీల లెక్కల్లో ఒక్కసారి కూడా నాకు అట్లా అనిపించలేదు.

పదకొండు టర్నులు గడిచాయి. నాలుగు బండ్లు పులివెందుల నుంచి కోటకు చేర్చాను, బండికొక కాయ. ఎనిమిది, నాలుగు, పన్నెండు. సరిగ్గా సరిపోతుంది. చివరి టర్ను తిండి తింటే కోట నాది, ఆట నాది. కోట గిన్నె మూత తీశాను.

గిన్నె ఖాళీగా ఉంది.

"పదకొండే కదా తిన్యాం?" అంది ఐశ్వర్య. ఆమె మొహం కూడా వాడిపోయింది. ఇద్దరం బల్ల కింద, మ్యాపు కింద వెతికాం. అప్పుడు అమ్మ నా ఒళ్లోకి చూపించింది. నా చున్నీ మడతలో రెండు తొక్కలు.

తిన్నది నేనే. ఎప్పుడు తిన్నానో నాకే తెలియదు. చుట్టూ గుర్రాలు తిరుగుతున్నప్పుడు భయంలో చెయ్యి దానంతట అది మూత తీసి ఉన్న కోట గిన్నెలోకి పోయినట్టుంది. చెనిక్కాయల గిన్నె దగ్గర పెట్టుకుని మాట్లాడుతూ తినకుండా ఉన్న మనిషి మా వైపు ఎవరున్నారు? రెండేళ్లు తయారుచేసిన ఆటలో ఈ ఒక్క సంగతి నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఇందులో ఏముంది," అంది ఐశ్వర్య, పెద్ద గిన్నెలో నుంచి ఒక కాయ తీసి నా చేతిలో పెడుతూ. "పొరపాటున తిన్యావు. పెట్టుకో. కోట నిలబడిందనే రాస్తా. నాక్కూడా ఈ ఆట అచ్చుకావాలనే ఉంది."

ఆ కాయ నా అరచేతిలో ఉంది. అది కోట కొట్టులో పెడితే చాలు, రెండేళ్ల పని పెట్టెగా బయటికొస్తుంది. అన్నకు కువైట్‌కు ఫొటో పంపొచ్చు. ఎవరూ అడగరు. దాదా కూడా కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన అటు చూడటమే నన్ను పొడిచింది.

"వద్దక్కా," అన్నాను. "తిన్నది తిన్నదే. కోట పడిపోయింది."

కోట తలుపు అట్టముక్కను నా చేత్తోనే తిప్పేశాను.  

ఐశ్వర్య చాలాసేపు మ్యాపు వైపు చూసింది. తర్వాత లేచింది. బ్యాగు తీసుకుని పోతుందనుకున్నాను. ఆమె మ్యాపు అంచు పట్టుకుని దాన్ని సగం చుట్టు తిప్పింది. ఇప్పుడు కోట ఆమె వైపు వచ్చింది. కోట గిన్నెలో ఎనిమిది కాయలు లెక్కపెట్టి, దాన్ని నా చెయ్యి అందనంత దూరం జరిపింది.

"మూడు గంటల బస్సు పోతే మళ్లీ బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"ఆరుకు ఉంది," అంది అమ్మ.

"అయితే అన్నం పెట్టండత్తా. తిని మళ్లీ ఆడతాం. కోట ఒక్కసారి నిలబడాలన్యా గానీ, ఎవరి చేతిలోనో చెప్పలేదు కదా."

రెండో ఆట మొదటిదాని కన్నా కష్టమైంది. ఇప్పుడు నేను గోల్కొండ. కోట నిలబడితే నా ఆట బతుకుతుంది, ఆ కోటను పడగొట్టాల్సింది నేనే. నా చేతులు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉన్నాయి.

ఐశ్వర్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, తినాల్సినప్పుడు తప్ప బయటికి తీయలేదు. మొదటి ఎనిమిది టర్నుల్లో రెండు బండ్లు కోటకు చేర్చింది. తర్వాత దాదా చెప్పిన ఉపాయం పట్టుకుంది. ముద్దనూరు గడిలో రెండు కాయలు దించిపెట్టింది, వెనకొచ్చే బండి కోసం. తొమ్మిదో టర్ను తిండి అయ్యేసరికి ఆమె కొట్టులో ఒక్క కాయ మిగిలింది. ముద్దనూరు కాయలు లేకపోతే ఆమె పదకొండో టర్ను దాటదు.

నా గుర్రాలు ముద్దనూరుకు ఒక్క గడి దూరంలో ఉన్నాయి. కదిలిస్తే ఆ రెండు కాయలూ నావి. నేను గుర్రాల మీద వేలు పెట్టాను, తీశాను. శిబిరం దగ్గరున్న కాలిదండును ఊరికే ఒక గడి అటు జరిపి, "నాదైపోయింది," అన్నాను.

"ఏమ్మే," అన్నాడు దాదా మంచం మీద నుంచి. పొద్దున్నుంచి ఆయన మాట్లాడటం అదే మొదలు. "గుర్రాలకు కాళ్లు ఇరిగినాయా?"

"లేదు దాదా."

"మరి మేత కండ్లెదురుగా ఉంటే నిలబడుకోనుండాయే? ఆ పాప ఆకలితో కొట్లాడతాంది. నువ్వేమో ఆడినట్లు చేస్తాండావు. దాని గెలుపుకు ఇలువ ఉండద్దా?"

మొహం కాలిపోయింది. ఒక కాయ వద్దని చెప్పిన మనిషినే, ఇప్పుడు దొడ్డిదారిన రెండు కాయలు ఆమెకు ఇస్తున్నాను. కాలిదండును వెనక్కి పెట్టేసి, ఐశ్వర్య మొహం చూడకుండా గుర్రాల్ని ముద్దనూరులోకి తోలాను. రెండు కాయలూ తీసుకున్నాను. గుర్రాలు తిన్నాయి. అంటే నేను తిన్నాను. ఆ గింజలు నోట్లో మట్టి మాదిరి ఉన్నాయి.

"మంచి దెబ్బ," అంది ఐశ్వర్య నెమ్మదిగా. మ్యాపు మీదికి వంగింది. అట్లాగే అయిదు నిమిషాలు ఉంది. నేను ఆమె కళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాను. అవి ముద్దనూరు దగ్గర లేవు. పెన్న దగ్గరున్నాయి.

జమ్మలమడుగు నుంచి వస్తున్న నా బండి అక్కడుంది, రెండు గళ్లు నడిచి, నాలుగు కాయలతో. పోయిన టర్ను దాకా దాని పక్కన కాపలా ఉన్నవి ఆ గుర్రాలే.

ఆమె కోట తలుపు తెరిచింది. లోపలున్న ఒకే ఒక్క గుర్రపు దండును బయటికి తోలి నా బండి మీద వేసింది. బండికి కాపలా లేదు. పాచిక కూడా వేయాల్సిన పని లేదు. బండిని కోటలోకి తోలుకుపోవడానికి ఒక గడి, దానికి ఒక కాయ. ఆమె దాన్ని ఒలిచి, గింజల్ని ఒక్కొక్కటిగా నమిలి తిన్నది. మూడు కాయలు కోట గిన్నెలో పడ్డాయి.

ఆ తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. అబద్ధం చెప్పడం లేదు, పళ్లు బిగపట్టి ఆడాను. ఫిరంగులన్నీ ఒక గోడ మీదికి తెచ్చాను. గుర్రాల్ని వెనక్కి పరిగెత్తించి దక్షిణం దావ మూసేశాను. పదో టర్ను, పదకొండో టర్ను. గిన్నె మూత తీసిన ప్రతిసారీ ఇద్దరం వంగి చూశాం. పన్నెండో టర్నులో ఐశ్వర్య ఒక కాయ తీసి ఒలిచి తిన్నది. గిన్నెను మా ఇద్దరి మధ్యకు జరిపింది.

అడుగున ఒక్క చెనిక్కాయ మిగిలింది.

నేను నీలం రిబ్బన్ను పెన్న మీద పరిచాను, నీళ్లొచ్చాయని గుర్తు.  అప్పుడు ఏడ్చాను, అమ్మ ముందు, ఐశ్వర్య ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. అయిదున్నర కావస్తోంది. ఐశ్వర్య బ్యాగులో నుంచి ఆ ఒక్క పేజీ తీసి, పెన్నుతో అడుగున ఒక వాక్యం రాసి నాకు చూపించింది. 'తిన్నది తిన్నదే, తిరిగి పెట్టరాదు.'

"ఇది లేకుండా అచ్చేయకూడదు," అంది. తర్వాత మంచం వైపు తిరిగింది. "తాతా, ఇప్పుడన్నా ఈ బండ్లకు ఎద్దులుండాయా?"

దాదా మంచం దిగి వచ్చాడు. కోట గిన్నెలో చెయ్యి పెట్టి ఆ మిగిలిన కాయను తీసి, ఒలిచి, ఒక గింజ నా చేతిలో పెట్టి, ఒకటి తాను నోట్లో వేసుకున్నాడు.

"ఉండాయి," అన్నాడు నములుతూ. "ఆకలి మీదుండాయి."